ఏకపక్షమైన స్త్రీపర్వము

కొలంబియా దేశమున కొకెయిన్ వ్యాపారము సాగించి, కొనగలిగినవారిని ధనముతోను, కొనలేనివారిని తుపాకితోను లోబఱచుకొని, ఒక రాజ్యవ్యవస్థనే ఏండ్ల తరబడి గడగడ వణికించిన పాబ్లో ఎస్కోబార్ కథను 'నార్కోస్' అను పేర నెట్‌ఫ్లిక్స్ సంస్థ లోకమునకు చూపిన సంగతి తెలుగు ప్రేక్షకులలో అనేకులకు తెలిసినదే. ఆ ధారావాహిక రెండవ సీజను 2016 సెప్టెంబరు 2వ తేదీన వెలువడినది. అందు పదియవదియు చివరిదియునైన ఎపిసోడునకు 'అల్ ఫిన్ కయో' అని పేరు. ఎట్టకేలకు కూలినాడని దాని భావము. వేలాది కుటుంబములను దుఃఖమున ముంచిన హంతకుడు కూలిన ఘట్టమును చూచి ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొనుట సహజమని మన మనుకొందుము. కాని ఆ ఎపిసోడును చూచినవారి అభిప్రాయములను ఆలకించినచో, వారిలో పెక్కుమంది నిట్టూర్పు విడిచిరనియు, వాడు దుర్మార్గుడని ఎఱిగియుండియు ఆ కడపటి క్షణములలో వానికొఱకు మనస్సు కలుక్కుమన్నదని చెప్పుకొనిరనియు తెలియుచున్నది.

ఈ నిట్టూర్పును గూర్చి రెండు తెగల విమర్శ వినవచ్చుచుండును. హంతకునిపై జాలిపడుట ప్రేక్షకుని నీతిభ్రంశమునకు గుఱుతని కొందఱందురు. కథను కథగా చూడవలెను గాని ధర్మాసనమెక్కి తీర్పు చెప్పరాదని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును అసలు దోషమున్న తావును తాకుట లేదని నా నిశ్చితాభిప్రాయము. జాలిపడిన ప్రేక్షకునియందు దోషము లేదు. జాలి గొలిపిన నటునియందును లేదు. శోకమును పంచిపెట్టిన తీరునందు దోషమున్నది. చచ్చినవారు వేలమంది కాగా, మనము కన్నీరు విడుచుటకు ఒక్కని శవమునే ఎదుటనుంచిన కథ అసంపూర్ణమైన కథ. ఆ కొఱతను గుర్తింపని అభిప్రాయము ఎంత సహృదయమైనను అసంపూర్ణమైన అభిప్రాయమే.

ముందుగా ఆ ఎపిసోడు సాధించిన దానిని న్యాయముగా చెప్పవలసియున్నది. అంతకు ముందటి ఎపిసోడులో పల్లెపట్టున నున్న తండ్రి యొద్దకు పోయి, ఆ వృద్ధుని నోట హంతకుడవని అనిపించుకొని వచ్చిన ఎస్కోబార్, ఇందు మెడెలిన్ నగరమున ఒక సామాన్యమైన ఇంటిలో, లిమోన్ అను ఒక్క అనుచరునితో తలదాచుకొనియుండును. ఒకనాడు సైన్యములవంటి ముఠాలను నడపినవాడు, పార్లమెంటులో కూర్చుండినవాడు, నేడు గడ్డము మాసి, శరీరము బరువెక్కి, పలుకరించు దిక్కులేక ఉండును. వీథిలోనికి వచ్చి, జనుల నడుమ ఎవడో ఒకడై నడచి, ఒక బల్లపై కూర్చుండి, తనకంటె ముందే హతుడైన దాయాది గుస్తావో తన ప్రక్కన ఉన్నట్లు ఊహించుకొని మాటలాడుకొనును. అటుపిమ్మట కుమారునితో ఫోను సంభాషణము, తలుపులు బ్రద్దలగుట, పెంకుల కప్పుపై పరుగు, తుపాకి గుండ్లు.

చరిత్రయు దాదాపు ఇట్లే నడచినది. 1993 డిసెంబరు 2వ తేదీన, నలుబది నాలుగేండ్లు నిండిన మఱునాడే, మెడెలిన్‌లోని లాస్ ఒలీవోస్ అను పేటలో ఎస్కోబార్ హతుడయ్యెను. బొగొటాలోని ఒక హోటలున రక్షణలోనున్న కుమారునితో అతడు మాటలాడుచుండగా ఆ రేడియో ఫోను సంకేతమును పట్టుకొని పోలీసు దళము వారు ఆ వీథిని చేరిరి. దళాధిపతియైన కర్నల్ హూగో మార్టీనెస్ కుమారుడే, ఆ పరికరమును చేతబట్టుకొని తిరుగుచు, కిటికీయందు ఎస్కోబార్ ముఖమును గుర్తించెను. ఒక తండ్రి తన కుమారునితో మాటలాడవలెనను ఆరాటముచేత బయటపడుట, మఱియొక తండ్రి కుమారుడు అతనిని కనిపెట్టుట, ఇవి చరిత్రయే సమకూర్చిన నాటకీయతలు. అట్టి ఘట్టమును చిత్రించునపుడు కరుణరసము పొంగుట వింత కాదు.

ఈ ఎపిసోడుపై వెలువడిన అభిప్రాయములు స్థూలముగా నాలుగు విధములుగా కనబడుచున్నవి. మొదటిది నటనను గూర్చినది. ఎస్కోబార్ పాత్రను ధరించిన వాగ్నర్ మౌరా బ్రెజిల్ దేశీయుడు, పోర్చుగీసు మాతృభాషగా గలవాడు. ఈ పాత్రకొఱకు మెడెలిన్‌కు పోయి స్పానిషు నేర్చుకొని, దేహభారమును పెంచుకొని, కన్నుల యందలి నిశ్చలత్వముతోనే భయమును జాలిని ఏకకాలమున పుట్టించినవాడు. అతనికి లభించిన ప్రశంస సర్వథా న్యాయమైనదే. రెండవది కొలంబియా వారి అభ్యంతరము. మౌరా బ్రెజిల్ వాడు, తల్లి పాత్రధారిణి పౌలీనా గార్సియా చిలీ దేశస్థురాలు, భార్య పాత్రధారిణి పౌలీనా గైతాన్ మెక్సికో వనిత. మెడెలిన్ ప్రాంతపు నుడికారమును పుట్టుకతో ఎఱిగినవారికి ఈ భిన్నదేశీయమైన ఉచ్చారణములు చెవికి ముల్లువలె తోచినవి. రాయలసీమ కథను ఆ యాస రాని నటవర్గముచేత పలికించినయెడల మన మెట్లు నొచ్చుకొందుమో వారును అట్లే నొచ్చుకొనిరి. మూడవది వాస్తవమును గూర్చినది. ఎస్కోబార్ కుమారుడు, నేడు సెబాస్టియన్ మరోకిన్ అను పేరుతో నివసించుచున్నవాడు, ఈ రెండవ సీజనులో 28 తప్పులున్నవని పట్టిక వ్రాసి ప్రకటించెను. నాలుగవది నేను మొదట చెప్పిన నిట్టూర్పు: ఎంత క్రూరుడైనను భార్యాబిడ్డలను అంతగా ప్రేమించిన మనిషి అట్లు నేలకొఱుగుట చూడలేకపోతిమను భావము.

మొదటి మూడింటిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. నాలుగవదానియందే విచారింపదగిన విషయమంతయు ఇమిడియున్నది.

దుష్టపాత్రపై సానుభూతి కలుగుటను నేరముగా ఎంచుటకు తెలుగువారికి ఎంతమాత్రమును అధికారము లేదు. తిరుపతి వేంకట కవుల భారత నాటకములను రాత్రులు తెల్లవార్లు చూచి, కృష్ణ పాత్రధారితోపాటు దుర్యోధన పాత్రధారికిని వన్స్‌మోర్ కొట్టిన జాతి మనది. 1961లో 'సీతారామ కల్యాణం' తీసిన నందమూరి తారక రామారావు అందు రావణ పాత్రను తాను గ్రహించెను; 1977లో 'దానవీరశూరకర్ణ' తీసినపుడు కృష్ణునితోపాటు కర్ణుని, దుర్యోధనుని సైతము తానే ధరించి, ఆ సుయోధనుని అభిమానధనమును తెలుగునాట ఇంటింట మాఱుమ్రోగునట్లు చేసెను. ఆ చిత్రము చూచినవారెవ్వరును ద్రౌపదీ వస్త్రాపహరణమును సమర్థింపలేదు. ఐనను దుర్యోధనుని మయసభాపరాభవమునకు నొచ్చుకొనిరి. మన ఆలంకారికులు దీనికి కారణమును ఏనాడో చెప్పియున్నారు. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు పరిష్కరించిన సాధారణీకరణ సిద్ధాంతము ననుసరించి, రంగస్థలము పైనున్న శోకము ఫలానా వ్యక్తి శోకముగా గాక మానవసామాన్యమైన శోకముగా సహృదయుని చేరును. ఎస్కోబార్ ఒంటరితనమును చూచి కరగిన ప్రేక్షకుడు కొకెయిన్ వర్తకునికొఱకు గాక, సర్వము కోల్పోయి ఏకాకియైన ఒక నరునికొఱకు కరగుచున్నాడు. ఇది హృదయ దౌర్బల్యము కాదు, హృదయమున్నదనుటకు నిదర్శనము.

ఐనను సుయోధనునకును ఎస్కోబార్‌నకును ఒక మహాభేదము కలదు. సుయోధనునిచేత దుఃఖము పొందినవారెవ్వరును నేడు మన ప్రక్క ఆసనమున కూర్చుండియుండరు. ఎస్కోబార్‌చేత అనాథలైనవారు, విధవలైనవారు, అవయవములు కోల్పోయినవారు నేటికిని బొగొటాలోను, మెడెలిన్‌లోను, కాలి నగరములోను జీవించియున్నారు. వారి ఇండ్లలోను టెలివిజన్లున్నవి. వారికి ఇది ఇతిహాసము కాదు, నిన్నటి సంగతి.

వారిలో కొందఱిని ఇచ్చట స్మరించుట అవసరము. రోడ్రిగో లారా బోనియా కొలంబియా న్యాయశాఖామంత్రి. మత్తుమందుల ధనము రాజకీయములలోనికి ప్రవేశించినదని బహిరంగముగా చెప్పి, 1982లో ప్రతినిధుల సభకు ప్రత్యామ్నాయ సభ్యుడుగా ఎన్నికైన ఎస్కోబార్‌ను వేలెత్తి చూపినవాడు. 1984 ఏప్రిల్ 30న మోటారుసైకిలుపై వచ్చిన కిరాయి హంతకులు కారులో నున్న అతనిని కాల్చి చంపిరి. గియెర్మో కానో 'ఎల్ ఎస్పెక్తదోర్' దినపత్రికకు సంపాదకుడు. పేదల పాలిటి దాతనని చెప్పుకొనుచున్న ఎస్కోబార్ 1976లోనే కొకెయిన్ నేరమున పట్టుబడియుండెనను పాత వార్తను తన పత్రికాభాండాగారమునుండి వెలికితీసి, 1983లో తిరిగి ప్రకటించిన ధీరుడు. ఆ సంచికలను ఎస్కోబార్ మనుష్యులు అంగళ్లలో మూటలుగా కొని మాయము చేయజూచిరట. వార్త మాత్రము మాయము కాలేదు. 1986 డిసెంబరు 17న, పనిముగించుకొని కార్యాలయమునుండి బయలుదేరిన కానోను అచ్చటనే చంపిరి. 1989 సెప్టెంబరు 2న ఆ పత్రిక భవనమును బాంబుతో పేల్చిరి. మఱునాడును పత్రిక వెలువడెను. పత్రికాస్వేచ్ఛకు యునెస్కో ఏటేట ఇచ్చు పురస్కారమునకు 1997నుండి ఆ సంపాదకుని పేరే నిలిచియున్నది.

లూయిస్ కార్లోస్ గలాన్ అధ్యక్షపదవికి ఎన్నికగుట తథ్యమని దేశము నమ్మిన నాయకుడు. 1989 ఆగస్టు 18న సోవాచా పట్టణమున ఎన్నికల సభావేదికపై అతనిని కాల్చిరి. అదే సంవత్సరము నవంబరు 27న బొగొటానుండి కాలికి బయలుదేరిన అవియాంకా విమానము లేచిన కొలది నిమిషములకే ఆకాశమున బ్రద్దలయ్యెను. గలాన్ స్థానమున నిలిచిన సీజర్ గవీరియాను చంపుట ఆ బాంబు లక్ష్యము. అతడా విమానము ఎక్కలేదు. ఎక్కిన 107 మందియు, శకలములు మీదపడి నేలపైనున్న ముగ్గురును మరణించిరి. మఱి తొమ్మిది దినములకు, డిసెంబరు 6న, గూఢచారి శాఖయైన డి.ఎ.ఎస్. భవనమును లారీ నిండ బాంబుతో పేల్చగా అర్ధశతాధికులు మడిసిరి. మెడెలిన్‌లో ఒక్కొక్క పోలీసువాని తలకు వెల కట్టబడెను. ఆ వెలకొఱకు పదునాఱు పదునేడేండ్ల బాలురు తుపాకులు పట్టిరి.

'నార్కోస్' ఈ సంఘటనలను దాచినదని అనుట అసత్యమగును. లారాయు గలానును మొదటి సీజనులో కనబడుదురు. విమానవిస్ఫోటము ఆ సీజను ఆఱవ ఎపిసోడున కలదు. కాని ఆ ఎపిసోడును చూచినవారిని, మీకు గుర్తున్న ముఖమేదియని అడిగి చూడుడు. చేతిపెట్టెలోనిది బాంబని తెలియక, సంభాషణమును రికార్డు చేయు యంత్రమని నమ్మి, దానిని విమానములోనికి తీసికొనిపోయిన అమాయక యువకుని ముఖమే చెప్పుదురు. వానికి భార్య కలదు, పసిబిడ్డ కలదు, వారిని చూపిరి గనుక. అతడును బలిపశువే, అతనికొఱకు నొచ్చుకొనుట ధర్మమే. కాని ఆ విమానమున అతని ముందు వెనుకల ఆసనములలో కూర్చుండిన వారిలో ఎవరి ఇల్లు మనము చూచితిమి? ఎవరి ప్రయాణకారణము మనకు తెలియును?

రసనిష్పత్తికి ఆలంబన విభావము అత్యావశ్యకమని లాక్షణికులు నిర్దేశించియున్నారు. ఎవరిని ఆధారముగా చేసికొని భావము ఉదయించునో ఆ వ్యక్తి ఎదుట లేనిచో, ఎన్ని ఉద్దీపనములున్నను కరుణ పుట్టదు. సంఖ్య ఆలంబనము కాజాలదు. నూటపదిమంది అను మాట బుద్ధిని తాకును గాని కంటిని తడుపదు. ఒక తల్లి, ఒక పెండ్లికూతురు, ఒక గుమాస్తా అనినపుడే తడి పుట్టును. ఇరువది ఎపిసోడుల పర్యంతము ఒక్క మనుష్యుని భోజనమును, నిద్రను, కోపమును, బిడ్డలతో ఆటను, తల్లి ఎదుట వినయమును చూపి, అతనిచేత చచ్చినవారిని ఒక్క క్షణకాలము మెఱపించి మఱుగుపఱచినచో, ప్రేక్షకుని హృదయము ఎవరి పక్షమున నిలుచునో వేఱుగ చెప్పనక్కఱలేదు. చివరి ఎపిసోడున తుపాకులు మ్రోగిన పిమ్మట మనకు వినబడు ఆక్రందనము ఎస్కోబార్ తల్లిది. మన కంటబడు వైధవ్యము ఎస్కోబార్ భార్యది.

ఈ సందర్భమున వ్యాసుని కావ్యసంవిధానము తలపునకు రాక మానదు. కురుక్షేత్ర యుద్ధమును ముగించిన వెంటనే ఆయన పట్టాభిషేకమునకు పోలేదు. దుర్యోధనుడు తొడలు విఱిగి పడి, ఉపపాండవులు నిద్రలో హతులై, ఉభయసేనలును నశించిన తరువాత, ఒక పర్వమును సంపూర్ణముగా స్త్రీల రోదనమునకు కేటాయించెను. తిక్కన సోమయాజి ఆ స్త్రీపర్వమును తెలుగున కరుణరసప్రవాహముగా నడిపెను. అందలి మహత్త్వము రోదనమునందు కాదు, రోదించు క్రమమునందున్నది. దివ్యదృష్టితో రణభూమిని చూచిన గాంధారి తన నూర్గురు కొడుకులను చూచి విలపించి ఊరకుండలేదు. అభిమన్యుని శవముపై బడి విలపించుచున్న ఉత్తరను చూచెను, చూపెను; విరాటుని, ద్రుపదుని స్త్రీలను చూపెను; కర్ణుని భార్యను, భూరిశ్రవుని ఇల్లాండ్రను, సైంధవుని తలకొఱకు వెదకుచున్న తన కూతురు దుస్సలను చూపెను. శత్రువు కొడుకు మరణమును దుర్యోధనుని కన్నతల్లి నోట చెప్పించిన కవి, చచ్చినవారందఱికిని ఒక్కొక్క ఏడ్చు మనిషిని సమకూర్చి, పాఠకుని ధర్మాధర్మ వివేకమును చెదరనీయక కాపాడెను. దుర్యోధనునికొఱకు మనము విలపింపగలుగుచున్నాము. ఐనను అతడు చేసిన దానిని మఱువలేకున్నాము. స్త్రీపర్వము ఉభయపక్షములది కావుననే అది సాధ్యమైనది. 'అల్ ఫిన్ కయో' యందును స్త్రీపర్వము కలదు. అది ఒక్క పక్షమునదే.

ఇట్టి కథను వేఱొక తీరున చెప్పుట అసాధ్యమని ఎవరైన అందురేమో. అది నిజము కాదు. 'నార్కోస్'కు మూడేండ్ల ముందు, 2012లో, కొలంబియాలోని కారకోల్ టెలివిజను సంస్థ 'ఎస్కోబార్: ఎల్ పత్రోన్ దెల్ మాల్' అను ధారావాహికను ప్రసారము చేసెను. దాని నిర్మాతలలో ఒకడు కమీలో కానో, హతుడైన సంపాదకుడు గియెర్మో కానో కుమారుడు. మఱియొకతె హువానా ఉరీబె, హతుడైన గలాన్ భార్యకు సోదరి కూతురు. గాయపడిన కుటుంబములవారే కథ చెప్పుటకు పూనుకొనుటచే అందు కానో, లారా, గలాన్‌ల ఇండ్లు ఇండ్లుగా కనబడినవి. వారు భుజించిరి, నవ్విరి, భయపడిరి, భయమును జయించిరి. ఆ ధారావాహికయు హంతకుని ఖ్యాతినే పెంచినదని కొలంబియాలో ఆక్షేపించినవారు లేకపోలేదు. ఎస్కోబార్ పాత్రను ధరించిన ఆంద్రెస్ పార్రా నటన అంత బలవత్తరమైనది. ఐనను, చచ్చినవానికి ముఖమునిచ్చుట సాధ్యమనియు, దానిచేత కథ పలుచబడదనియు అది నిరూపించినది.

అంతకంటెను గొప్ప నిదర్శనము ఎస్కోబార్ కుమారునియందే కలదు. 2009లో వెలువడిన 'పెకాదోస్ దె మి పాద్రె' అను డాక్యుమెంటరీలో అతడు, తన తండ్రి చంపించిన లారా బోనియా కుమారుని, గలాన్ కుమారులను ముఖాముఖిగా కలిసికొని క్షమాపణ కోరెను. హంతకుని బిడ్డయు హతుల బిడ్డలును ఒక్కచోట కూర్చుండి, తండ్రులను కోల్పోయిన దుఃఖమున సమానులై నిలుచుట చూచినవారికి, ఈ కథకు వ్యాసోచితమైన ముగింపు ఎట్లుండునో బోధపడును. నెట్‌ఫ్లిక్స్ ధారావాహికలోని తప్పులను అతడు ఎత్తి చూపినది తండ్రిని నిర్దోషిగా చూపుటకు కాదనియు, ఆ కథ తండ్రిని యువజనులకు ఆదర్శమూర్తిగా చేయుచున్నదను భయముతోననియు అతడు పలుమాఱులు చెప్పియున్నాడు. ప్రేక్షకులు అతనికంటె ఎక్కువగా అతని తండ్రిని వెనుకవేసికొని రానక్కఱలేదు.

ఏకపక్షమైన శోకమునకు ఫలితములు తెర వెలుపలను కలవు. 2016 డిసెంబరున స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నడిబొడ్డున, పుఎర్తా దెల్ సోల్ కూడలిలో, ఎస్కోబార్ వేషముననున్న మౌరా చిత్రముతో ఒక బ్రహ్మాండమైన ప్రకటనపటము వెలసెను. తెల్లని క్రిస్మసునకు శుభాకాంక్షలు తెలుపుచు, ఆ తెలుపునందు కొకెయిన్‌ను స్ఫురింపజేయుట దాని చమత్కారము. కొలంబియా విదేశాంగమంత్రి దానిని తొలగింపుడని కోరవలసివచ్చెను. ఒక దేశపు శ్మశానము మఱియొక దేశపు కూడలిలో పండుగ పరిహాసమగుట ఎట్లు సంభవించినది? అందలి శవములకు ముఖములు లేకపోవుటచేతనే కదా. మెడెలిన్‌కు వచ్చు విదేశీయాత్రికులు ఎస్కోబార్ నివసించిన మొనాకో భవనము ఎదుట ఫొటోలు దిగుట పరిపాటి కాగా, ఆ నగరపాలకులు 2019 ఫిబ్రవరి 22న ఆ భవనమును పేల్చి నేలమట్టము గావించి, ఆ స్థలమున హింసకు బలియైనవారి స్మారకోద్యానమును నిర్మించిరి. 1983 మొదలు 1994 వఱకు ఆ ఒక్క నగరమున మరణించినవారు 46 వేలకు పైబడినవారని ఆ స్మారకము చెప్పుచున్నది. తెరపైన లేని స్త్రీపర్వమును ఆ నగరము రాతితో వ్రాసికొన్నది.

ఎస్కోబార్‌పై అభిమానమంతయు టెలివిజను పుట్టించినదే యని అనుటయు న్యాయము కాదు. చెత్తకుప్పలపై బ్రదుకుచున్న పేదలకు అతడు ఇండ్లు కట్టించెను; ఆ పేట నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. అతని అంత్యక్రియలకు వేలాది జనులు వచ్చిరి. వారి కృతజ్ఞత కపటము కాదు. ప్రభుత్వము ఇవ్వని కప్పును ఇచ్చినవానిని పేదవాడు దేవుడనుటలో ఆశ్చర్యమేమున్నది? కాని ఆ కప్పును కట్టిన ధనముతోనే పోలీసువాని తలకు వెలయు కట్టబడినది; ఆ పేటలవంటి పేటలలోని బాలురే ఆ వెలకొఱకు చంపిరి, చచ్చిరి. పేదవానికి మేలు చేసినాడను వాదమునకు సమాధానము పేదవాని ఇంటనే యున్నది.

ఇక్కడ ఒక ప్రతివాదము రాగలదు. 'నార్కోస్' కథను అమెరికా మాదకద్రవ్య నిరోధక శాఖాధికారి స్టీవ్ మర్ఫీ గొంతుతో చెప్పించినారు గదా, ఆ గొంతు అడుగడుగున ఎస్కోబార్‌ను ఖండించుచునే యున్నది గదా యని. నిజమే. కాని చెవికి చెప్పిన తీర్పు కంటికి చూపిన సాన్నిధ్యమును జయింపజాలదు. ధర్మోపన్యాసము ఎంత దీర్ఘమైనను, ఒక్క విధవ ముఖముపై నిలిపిన దృష్టికి సాటిరాదు. కావున నేను కోరునది మఱింత ఖండనము కాదు. నిషేధము అంతకన్నను కాదు. హంతకుని మానవునిగా చిత్రించు స్వాతంత్ర్యము కళాకారునకు ఉండితీరవలెను. హతునికిని ఆ మానవత్వమునే ఇమ్మనుట నా ప్రార్థన.

ఈ విచారణ మనకు దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. ఎఱ్ఱచందనపు దొంగరవాణాను కథావస్తువుగా గైకొన్న 'పుష్ప' 2021లో వెలువడి దేశమంతట జయఘోష పొందినది. కథానాయకునకు జాతీయ పురస్కారము లభించినది, ఆ నటనకు అది తగిన గౌరవమే. కాని ఆ చెట్టు పెరుగు శేషాచలమున 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పులలో 20 మంది మరణించిరని, వారు తమిళనాటి పల్లెలనుండి వచ్చిన పేద కూలీలని మనలో ఎందఱికి జ్ఞప్తియున్నది? కూలివాడు నాయకుడై ఎదిగిన కథను మనము చూచితిమి. కూలివాడుగానే చచ్చినవాని భార్యను ఏ తెరపైన చూచితిమి? విశాఖ మన్యమునుండి గంజాయి మూటలను మోసికొనిపోవుచు పట్టుబడి, జామీను ఇచ్చు దిక్కులేక చెఱసాలలలో మ్రగ్గుచున్న గిరిజన యువకుల కథను ఏ ధారావాహిక చెప్పినది? మత్తుమందుల వ్యాపారమున పైనున్నవాడు కథ యగుచున్నాడు, క్రిందనున్నవాడు అంకె యగుచున్నాడు. ఈ న్యాయము మెడెలిన్‌లోను మన్యములోను ఒక్కటియే.

ఇట్టి ధారావాహికల వెల్లువ ఆగలేదు, ఆగబోదు. 2018లో 'నార్కోస్: మెక్సికో' వచ్చినది, 2024లో 'గ్రిసెల్డా' వచ్చినది, మఱియు వచ్చును. వానిని నిర్మించువారు మన వీక్షణమును గంటలతో సహా లెక్కించుకొనుచున్నారు గావున, ప్రేక్షకుని అభిప్రాయము నేడు మునుపెన్నడును లేని బలము గలది. ఆ బలమును నటుడు బాగున్నాడనుటకును, ముగింపు సాగదీసినారనుటకును మాత్రమే వినియోగించి తృప్తిపడరాదు. ఎపిసోడు చూచి లేచిన ప్రతి ప్రేక్షకుడును, పత్రికలలో సమీక్ష వ్రాయు ప్రతి విమర్శకుడును తన అభిప్రాయమునకు ఒక్క ప్రశ్నను చేర్చుకొనవలెనని నా మనవి: ఈ కథలో చచ్చినవారిలో ఎందఱి పేర్లు నాకు తెలిసినవి, ఎందఱి ఇండ్లలోనికి నన్ను తీసికొనిపోయినారు? ఆ సంఖ్య శూన్యమైనచో నటన ఎంత ఉదాత్తమైనను, ఛాయాగ్రహణమెంత మనోహరమైనను, ఆ కృతి తన ధర్మమున సగమే నెఱవేర్చినదని నిర్భయముగా చెప్పవలెను. చంపినవానికి ఇచ్చినంత కాలమును చచ్చినవానికిని ఇమ్మని కోరు హక్కు చూచువానికి కలదు. ఆ కోరిక పలువురి నోట వినబడినపుడు, వ్రాయువారును తీయువారును దానిని పెడచెవిని పెట్టలేరు.